గూడుబండి కొలతలు: అమెరికాలో అధికంగా అమ్ముడయ్యే ట్రైలర్ల రకాలు, పరిమాణాలు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

మోటారు వాహనం వెనుక తగిలించి లాగే నివాసయోగ్యమైన ట్రైలర్లు అమెరికా విహార వాహన పరిశ్రమకు ప్రధాన ఆధారం. వీటిలో ఏ రకం, ఏ పరిమాణం ఎక్కువగా అమ్ముడవుతుందనే ప్రశ్నకు కొనుగోలుదారుల అభిరుచినే సమాధానంగా చూపడం పరిపాటి. ఆ అభిరుచికి ముందే హద్దులు గీసిన నాలుగు అంశాలను ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది. అవి: రహదారి వెడల్పు నిబంధన, లాగే వాహనపు శక్తి, విడిది స్థలపు పొడవు, గృహనిర్మాణ చట్టం. విహారం కోసం తయారైన వాహనంగా లెక్కకెక్కిన ట్రైలర్ అనేక సందర్భాల్లో ఇల్లుగా మారిందనీ, విక్రయ గణాంకాలు ఆ వాస్తవాన్ని మరుగుపరుస్తున్నాయనీ ఈ వ్యాసం నిరూపిస్తుంది.

కీలకపదాలు: విహార వాహనాలు, ట్రావెల్ ట్రైలర్, ఫిఫ్త్ వీల్, మడత ట్రైలర్, పికప్ ట్రక్కు, ఎల్‌ఖార్ట్, గృహనిర్మాణ చట్టం, కత్రినా.

1. ఉపోద్ఘాతం

ఎడ్లబండిపై వెదురు తడకలతో గుండ్రని కప్పు కట్టిన దానిని తెలుగువారు గూడుబండి అన్నారు. గూడు అంటే కప్పు, గూడు అంటే నివాసం కూడా. ప్రయాణ సాధనమూ నివాసమూ ఒకే మాటలో ఇమిడిన ఈ పదం, అమెరికాలో ట్రైలర్ పరిశ్రమకు పునాది వేసిన ఒక సంస్థ పేరుతో సరిగ్గా సరిపోతుంది. డెట్రాయిట్ నగరంలో 1930 ప్రాంతంలో మొదలైన ఆ సంస్థ పేరు కవర్డ్ వ్యాగన్, అనగా గూడుబండి. పందొమ్మిదో శతాబ్దంలో పడమటి దిశగా వలస వెళ్ళిన కుటుంబాల గుడ్డకప్పు బండ్లను స్ఫురింపజేసే పేరది.

తొమ్మిది దశాబ్దాల తరువాత ఆ పరిశ్రమ ఎంత విస్తరించిందో ఒక లెక్క తెలియజేస్తుంది. విహార వాహన పరిశ్రమ సంఘం (ఆర్‌వీఐఏ) గణాంకాల ప్రకారం 2021లో కర్మాగారాల నుండి విక్రేతలకు చేరిన విహార వాహనాలు 6,00,240. వాటిలో స్వంత ఇంజను కలిగిన మోటారు గృహాలు 56,212 మాత్రమే. తక్కిన 5,44,028 వేరొక వాహనం లాగవలసినవే. అంటే ప్రతి పది వాహనాల్లో తొమ్మిది ట్రైలర్లు. ఈ ట్రైలర్లలోనూ సాధారణ ట్రావెల్ ట్రైలర్‌దే స్పష్టమైన ఆధిక్యం. మొత్తం విహార వాహనాల్లో ఈ ఒక్క రకమే దాదాపు మూడింట రెండు వంతులు. దాని తరువాతి స్థానం ఫిఫ్త్ వీల్ రకానిది.

ఈ క్రమం ఎట్లా ఏర్పడింది? ట్రావెల్ ట్రైలర్ ఎందుకు ముందు నిలిచింది? ఒకనాడు విపణిలో గట్టి స్థానం కలిగిన మడత ట్రైలర్ ఎందుకు అడుగంటింది? ఈ ప్రశ్నలకు సమాధానం అన్వేషించడం ఈ వ్యాస లక్ష్యం.

2. రకాలు – లెక్కింపు పద్ధతులు

2.1 రకాలు

ట్రావెల్ ట్రైలర్ నొగ కొసను లాగే వాహనం వెనుక అడుగుభాగాన ఉన్న కొక్కేనికి తగిలిస్తారు. కారు, జీపు తరహా వాహనం, పికప్ ట్రక్కు – వీటిలో తగిన శక్తిగల ఏదైనా దీనిని లాగగలదు. ఫిఫ్త్ వీల్ ట్రైలర్ ముందుభాగం మెడలాగా పైకి లేచి ఉంటుంది. దానిని పికప్ ట్రక్కు తొట్టెలో, వెనుక ఇరుసుకు పైన బిగించిన పీఠానికి తగిలిస్తారు. గుర్రపుబగ్గీల ముందు ఇరుసు తిరగడానికి అడ్డంగా అమర్చే చక్రం నుండి ఈ పేరు వచ్చింది. మడత ట్రైలర్ గోడలు గుడ్డతో చేసినవి. ప్రయాణంలో అది పెట్టెలాగా ముడుచుకుంటుంది, విడిదిలో పైకి లేస్తుంది. మోటారు సైకిళ్ళు మొదలైనవి పెట్టుకొనేందుకు వెనుక తలుపును వాలుబల్లగా దించే వీలున్న వాటిని టాయ్ హాలర్లు అంటారు. ఇవి ట్రావెల్ ట్రైలర్, ఫిఫ్త్ వీల్ రూపాలు రెండింటిలోనూ లభిస్తాయి.

2.2 లెక్కింపు

‘అధిక విక్రయం’ అనే మాటకు రెండు కొలమానాలున్నాయి. మొదటిది కర్మాగారం నుండి విక్రేతకు జరిగిన సరఫరా. రెండవది కొనుగోలుదారు పేరిట జరిగిన రిజిస్ట్రేషన్. వార్తల్లో తరచుగా కనిపించేది మొదటిది. విక్రేత ఆవరణలో నెలల తరబడి నిలిచిపోయిన ట్రైలర్ కూడా అందులో అమ్ముడైనట్లే కనిపిస్తుంది. 2021లో 6,00,240గా ఉన్న సరఫరా 2023 నాటికి 3,13,174కు పడిపోయింది. ఈ పతనం కుటుంబాల కోరిక సగానికి తగ్గిందని మాత్రమే తెలిపేది కాదు. విక్రేతలు తమ వద్ద పేరుకున్న నిల్వలను ముందుగా వదిలించుకోవడం కూడా ఇందులో ఇమిడి ఉంది.

పరిమాణం విషయంలోనూ ఇటువంటి సందిగ్ధత ఉంది. నమూనా పేరులోని సంఖ్య చాలాసార్లు నివాస భాగపు పొడవును సూచిస్తుంది. నొగను కలిపితే అసలు పొడవు మూడు నాలుగు అడుగులు పెరుగుతుంది. బరువుకు సైతం ఖాళీ బరువు, సామగ్రితో నిండినప్పటి గరిష్ఠ బరువు అని రెండు లెక్కలున్నాయి. కనుక ఏ కొలతను ఉద్దేశిస్తున్నారో తెలపకుండా ‘ఎక్కువగా అమ్ముడయ్యే పరిమాణం’ అనడం శాస్త్రీయం కాదు.

3. డేరా నుండి గూడుబండి వరకు (1919–1940)

ఫోర్డ్ సంస్థ మోడల్ టి కారు సామాన్య కుటుంబాలకు అందుబాటులోకి వచ్చాక, కారులో ప్రయాణిస్తూ దారిలో డేరా వేసుకొని విడిది చేయడం అమెరికాలో విస్తృతమైన వాడుక అయింది. ఫ్లోరిడా రాష్ట్రంలోని టాంపాలో 1919లో ‘టిన్ కాన్ టూరిస్ట్స్’ అనే యాత్రికుల సంఘం ఏర్పడింది. ఆ కాలపు ట్రైలర్లు ప్రధానంగా చక్రాల మీది డేరాలు. చిన్న కారు ఇంజను లాగగలిగినంత తేలికగా ఉండటమే వాటి ప్రధాన గుణం.

డెట్రాయిట్‌కు చెందిన సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు ఆర్థర్ షెర్మన్ 1929లో కుటుంబంతో విహారానికి వెళ్ళినప్పుడు వాన కురిసింది. కొన్న మడత ట్రైలర్‌ను ఆ వానలో విప్పి నిలబెట్టడం కష్టమైంది. ఆ అనుభవంతో ఆయన విప్పవలసిన అవసరం లేని, గట్టి గోడల ట్రైలర్‌ను చేయించాడు. అది ఆరు అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల పొడవు గల పెట్టె. దానినే 1930లో డెట్రాయిట్ వాహన ప్రదర్శనలో 400 డాలర్ల ధరకు ఉంచగా, ఆ ఏడాది చివరకు 118 అమ్ముడయ్యాయి. 1936 నాటికి కవర్డ్ వ్యాగన్ సంస్థ దేశంలో అతిపెద్ద ట్రైలర్ తయారీ సంస్థగా ఎదిగి, ఏడాదికి సుమారు 6,000 ట్రైలర్లను విక్రయించింది.

అదే 1936లో వాలీ బయామ్ కాలిఫోర్నియాలో ‘ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్’ను విడుదల చేశాడు. విమాన నిర్మాణంలో అనుభవం గల హాలీ బౌలస్ అంతకుముందు రూపొందించిన అల్యూమినియం ట్రైలర్ దీనికి మాతృక. దీని ధర 1,200 డాలర్లు. విమాన రూపకర్తగా ప్రసిద్ధుడైన గ్లెన్ కర్టిస్ 1920ల చివర ‘ఏరోకార్’ పేరుతో ఫిఫ్త్ వీల్ తరహా ట్రైలర్‌ను తయారుచేశాడు.

ఈ విధంగా నేటి ప్రధాన రకాలు మూడూ – మడతది, గట్టి గోడలది, ఫిఫ్త్ వీల్ – 1940కి ముందే రూపుదిద్దుకున్నాయి. ఆ తరువాతి చరిత్ర కొత్త రకాల ఆవిష్కరణ కంటే, ఉన్న రకాల్లో దేనికి అవకాశం దక్కింది అనే విషయానికి సంబంధించినది.

4. ఎనిమిది అడుగుల గీత (1940–1976)

ఆర్థిక మాంద్య కాలంలోనే అనేకులు ట్రైలర్లలో కాపురం పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆయుధ కర్మాగారాల చుట్టూ చేరిన కార్మికులకు ఇళ్ళు చాలక, ప్రభుత్వమే పెద్ద సంఖ్యలో ట్రైలర్లను కొని వసతి కల్పించింది. యుద్ధానంతరం సైనికులు తిరిగి రావడంతో ఇళ్ళ కొరత మరింత తీవ్రమైంది. 1940ల చివరకు వచ్చేసరికి ట్రైలర్లలో అధిక భాగం విహారానికి కాక, ఏడాది పొడవునా నివాసానికే ఉపయోగపడ్డాయి. తయారీదారులు పొడవు పెంచారు, స్నానాల గది చేర్చారు. వెడల్పు మాత్రం పెంచలేకపోయారు. ప్రత్యేక అనుమతి లేకుండా రహదారిపై నడిచే వాహనం ఎనిమిది అడుగుల వెడల్పును మించరాదన్నది రాష్ట్రాల సాధారణ నిబంధన.

విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన ఎల్మర్ ఫ్రే 1950ల మధ్యలో పది అడుగుల వెడల్పు గల ట్రైలర్‌ను విపణిలోకి తెచ్చాడు. దానిని తరలించాలంటే ప్రతిసారీ ప్రత్యేక అనుమతి కావాలి. కానీ కొన్నవారు దానిని తరలించాలనుకోలేదు. ఒకచోట నిలిపి కాపురం ఉండాలనుకున్నారు. రెండు అడుగుల అదనపు వెడల్పు వల్ల నడవ వేరుపడి గదులకు ఏకాంతం సమకూరింది. ‘మొబైల్ హోమ్’ అనే మాట ఈ కాలంలోనే స్థిరపడింది. ఆ తరువాత పరిశ్రమ రెండుగా చీలింది. ఎనిమిది అడుగులు దాటినది ఇల్లుగానూ, దాటనిది విహార వాహనంగానూ వేర్వేరు మార్గాలు పట్టాయి.

రహదారి గీసిన ఈ విభజనను చట్టం మరింత దృఢపరచింది. 1974లో చేసిన సమాఖ్య చట్టం ఆధారంగా, 1976 జూన్ 15 నుండి కర్మాగారాల్లో తయారయ్యే ఇళ్ళకు జాతీయ నిర్మాణ ప్రమాణాలు అమలయ్యాయి. వీటిని అమలుపరిచేది గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ. విహార వాహనాలకు ఆ ప్రమాణాల నుండి మినహాయింపు లభించింది. 1980లలో స్థిరపడిన నిర్వచనం ప్రకారం మినహాయింపుకు షరతులు నాలుగు: ఒకే చట్రంపై నిర్మాణం, 400 చదరపు అడుగులకు మించని విస్తీర్ణం, స్వంత ఇంజను కలిగి ఉండటం లేదా తేలికపాటి ట్రక్కు లాగగలిగేదై ఉండటం, శాశ్వత నివాసానికి కాక తాత్కాలిక విహారానికి ఉద్దేశించినదై ఉండటం.

లాగే వాహనపు శక్తి ఇక్కడ చట్ట నిర్వచనంలోనే భాగమైంది. కనుక తయారీదారుకు 400 చదరపు అడుగులు ఒక గోడ వంటిది. ఆ గోడకు ఇవతల ఉంటే వాహనం, అవతల ఉంటే ఇల్లు. విడిదిలో పక్కకు జరిపి గదిని విశాలం చేసే ‘స్లయిడ్ ఔట్’ ఏర్పాటు 1990 తరువాత వ్యాపించింది. అప్పటి నుండి పెద్ద ట్రైలర్ల రూపకల్పన ఈ గోడను తాకుతూ సాగుతున్నది.

5. లాగే వాహనం మారిన తీరు

పరిశ్రమ సరఫరా లెక్కల్లో 1972 ఒక శిఖరం. ఆ ఏడాది ట్రావెల్ ట్రైలర్లు సుమారు 2,50,800, మడత ట్రైలర్లు 1,10,200, మోటారు గృహాలు 1,16,800, పికప్ తొట్టెపై అమర్చే క్యాంపర్లు 1,05,100. నాలుగూ కలిపి 5,82,900. ఇందులో లాగే రకాల వాటా 62 శాతం. 2021లో అది 90 శాతం దాటింది. ఈ రెండు సంవత్సరాల మధ్య జరిగిన మార్పుకు కీలకం ట్రైలర్‌లో కంటే ముందు దానిని లాగే వాహనంలో ఉంది.

1970ల ఆరంభం వరకు కుటుంబ ట్రైలర్‌ను లాగినది పెద్ద కారు. బలమైన ఉక్కు చట్రం, పెద్ద ఇంజను, వెనుక చక్రాలకు చోదక శక్తి దాని లక్షణాలు. 1973 నాటి చమురు సంక్షోభం, 1975లో వచ్చిన ఇంధన చట్టం ఆ కారును విపణి నుండి క్రమంగా తొలగించాయి. ఆ చట్టం కార్ల సగటు మైలేజీని 1985 నాటికి గాలనుకు 27.5 మైళ్ళకు పెంచాలని నిర్దేశించింది. తయారీదారులు కార్ల బరువు తగ్గించారు, చట్రాలు తేలిక చేశారు. 1979లో రెండో చమురు సంక్షోభం వచ్చింది. 1980లో ట్రావెల్ ట్రైలర్ల సరఫరా 1972 నాటి స్థాయిలో మూడో వంతుకు కూడా చేరలేదు.

అయితే తేలికపాటి ట్రక్కులకు ఇదే చట్టం కింద వేరుగా, తక్కువ స్థాయి మైలేజీ ప్రమాణం ఏర్పడింది. ఆ వెసులుబాటు వల్ల పికప్ ట్రక్కు పాత శక్తిని నిలుపుకొని, క్రమంగా కుటుంబ వాహనంగా మారింది. ట్రైలర్ భారం కారు నుండి పికప్‌కు బదిలీ అయింది. ఈ బదిలీయే నేటి రకాల క్రమాన్ని నిర్ణయించింది.

దీనిని ఒక లెక్కతో వివరించవచ్చు. ఎడ్లబండిలో ముందుబరువు, వెనుకబరువు సరిచూసుకోకపోతే ఎడ్ల మెడపై అధిక భారమైనా పడుతుంది, కాడి పైకైనా లేస్తుంది. ట్రైలర్‌కూ ఇదే సూత్రం. ట్రావెల్ ట్రైలర్ నిలకడగా సాగాలంటే మొత్తం బరువులో 10 నుండి 15 శాతం నొగపై ఉండాలి. 7,000 పౌండ్ల (సుమారు 3,175 కిలోల) ట్రైలర్ అయితే కొక్కేనిపై 700 నుండి 1,050 పౌండ్ల భారం పడుతుంది. అమెరికాలో సర్వసాధారణమైన ‘హాఫ్ టన్’ తరగతి పికప్, ప్రయాణికులతో పాటు ఈ భారాన్ని మోయగలదు. ఫిఫ్త్ వీల్‌లో ట్రక్కుపై పడే భాగం సుమారు 20 నుండి 25 శాతం. 12,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్ ఒక్కటే 2,400 నుండి 3,000 పౌండ్ల భారం మోపుతుంది. దానికి అంతకంటే పెద్ద తరగతి ట్రక్కు తప్పనిసరి. పైగా ట్రక్కు తొట్టె కూడా కొక్కేనికే సరిపోతుంది.

అందువల్ల ఫిఫ్త్ వీల్ కొనుగోలు అంటే అనేక సందర్భాల్లో రెండు వాహనాల కొనుగోలు. ట్రావెల్ ట్రైలర్ మాత్రం ఇంటి ముందు ఇప్పటికే ఉన్న వాహనానికి తగిలించగలిగినది. విశాలత, నిలకడ ఫిఫ్త్ వీల్ సొంతమైనా సంఖ్యలో ట్రావెల్ ట్రైలర్ ముందుండటానికి ఇదే ప్రధాన హేతువు. పిల్లల కోసం అంతస్తుల పడకలు అమర్చిన, హాఫ్ టన్ పికప్ పరిధిలో ఇమిడే మధ్యస్థ ట్రైలర్లు విపణికి కేంద్రం కావడం కూడా ఈ లెక్క ఫలితమే.

విడిది స్థలం మరొక హద్దు. అటవీ శాఖకు చెందిన ఇ.పి. మైనికీ 1932లో ప్రతిపాదించిన పద్ధతిలో, చెట్ల వేళ్ళు నలగకుండా ప్రతి విడిదికీ బాట పక్కన వాహనం నిలిపే చిన్న స్థలం కేటాయిస్తారు. జాతీయ ఉద్యానాల్లోని అనేక పాత విడిదులు ఈ నమూనాలోనివే. నేటి పొడవైన ట్రైలర్లకు వాటిలో చోటు దొరకదు. ప్రైవేటు విడిదులు విశాలమైనవే అయినా, ప్రభుత్వ ఉద్యానాలకు వెళ్ళదలచిన కుటుంబం పొడవు విషయంలో వెనుకాడక తప్పదు.

6. మడత ట్రైలర్ క్షీణత

1972లో లక్షకు పైగా ఉన్న మడత ట్రైలర్ల సరఫరా 1990లలో ఏటా అరవై వేలకు అటూ ఇటూ నిలిచింది. ఇటీవలి సంవత్సరాల్లో అది పదివేలకు దిగువన ఉంది. కోల్‌మన్ పేరుతో దశాబ్దాల పాటు ప్రసిద్ధమైన మడత ట్రైలర్ల తయారీ 2011లో ఆగిపోయింది. ఎల్‌ఖార్ట్ కౌంటీలో 1968లో మడత ట్రైలర్లతోనే ప్రస్థానం మొదలుపెట్టిన జేకో సంస్థ కాలక్రమంలో ట్రావెల్ ట్రైలర్లకు ప్రాధాన్యమిచ్చింది.

ఈ క్షీణతకు అభిరుచి మార్పు ఒక్కటే కారణం కాదు. మొదటిది, కారు స్థానంలో పికప్ రావడంతో తేలికదనం అనే గుణానికి విలువ తగ్గింది. రెండవది, గట్టి గోడల ట్రైలర్లలోనే తేలిక నమూనాలు వచ్చి, ధరలో మడత ట్రైలర్‌తో పోటీపడ్డాయి. మూడవది పన్ను విధానం. పడక, వంట, మరుగుదొడ్డి సౌకర్యాలున్న ట్రైలర్‌ను రెండో ఇల్లుగా చూపి, దాని తనఖా రుణ వడ్డీకి పన్ను మినహాయింపు కోరే అవకాశాన్ని అమెరికా ఆదాయపు పన్ను నిబంధనలు కల్పించాయి. మరుగుదొడ్డి లేని సాధారణ మడత ట్రైలర్ ఈ అర్హతకు దూరమైంది.

ఇందులో ఒక వైరుధ్యం గమనించదగినది. గృహనిర్మాణ ప్రమాణాల దృష్టిలో ఇల్లు కానిది, పన్ను నిబంధనల దృష్టిలో ఇల్లు. గట్టి గోడల ట్రైలర్‌కు ఈ రెండు నిర్వచనాలూ ఏకకాలంలో అనుకూలించాయి.

7. బ్రిటన్‌తో పోలిక

పై అంశాల ప్రభావాన్ని నిర్ధారించుకోవడానికి బ్రిటన్ అనుభవం ఉపకరిస్తుంది. అక్కడ ట్రైలర్‌ను క్యారవాన్ అంటారు. క్యారవాన్ క్లబ్ 1907లోనే ఏర్పడింది. అంటే విహారాసక్తిలో బ్రిటన్ అమెరికాకు తీసిపోదు. అయినా అక్కడ ఫిఫ్త్ వీల్ అరుదు. ఏక ఇరుసు గల తేలిక క్యారవాన్లు సర్వసాధారణం. అక్కడ లాగేది పికప్ కాదు, కుటుంబ కారు. సాధారణ వాహనం లాగే క్యారవాన్ నివాస భాగం ఏడు మీటర్ల పొడవు, 2.55 మీటర్ల వెడల్పు దాటరాదు. 1997 తరువాత లైసెన్సు పొందినవారు బరువైన క్యారవాన్ లాగాలంటే 2021 డిసెంబరు వరకు అదనపు పరీక్ష ఉత్తీర్ణులు కావలసి ఉండేది. ఒకే రకమైన కోరిక వేరు నిబంధనల కింద వేరు పరిమాణంగా రూపొందిందని దీనివల్ల స్పష్టమవుతుంది.

8. లెక్కల్లో కనిపించని నివాసులు

2005 ఆగస్టులో కత్రినా తుపాను మెక్సికో సింధుశాఖ తీరాన్ని ధ్వంసం చేసింది. నిరాశ్రయుల కోసం సమాఖ్య అత్యవసర నిర్వహణ సంస్థ (ఫీమా) సుమారు 1,45,000 ట్రైలర్లను, మొబైల్ హోమ్‌లను కొనుగోలు చేసింది. వాటిలో అధిక భాగం ట్రావెల్ ట్రైలర్లు. విహారం కోసం, కొద్ది రోజుల వాడకం కోసం ఉద్దేశించిన పెట్టెల్లో కుటుంబాలు నెలల తరబడి, కొన్ని సంవత్సరాల తరబడి నివసించాయి.

కళ్ళ మంటలు, శ్వాస ఇబ్బందుల ఫిర్యాదులు వచ్చాక, వ్యాధి నియంత్రణ కేంద్రాలు (సీడీసీ) 2007 డిసెంబరు, 2008 జనవరి నెలల్లో 519 ట్రైలర్లు, మొబైల్ హోమ్‌లలో గాలిని పరీక్షించాయి. ఫార్మాల్డిహైడ్ వాయువు సగటున వంద కోట్ల భాగాలకు 77 భాగాలుగా తేలింది. చెక్కపొట్టును, పలకలను అతికించే జిగురు నుండి వెలువడే వాయువిది. కర్మాగారంలో తయారయ్యే ఇళ్ళకు వాడే పలకల విషయంలో 1980ల మధ్య నుండే దీనిపై పరిమితి ఉంది. విహార వాహనాలు ఇళ్ళు కావు కనుక ఆ పరిమితి వాటికి వర్తించలేదు. 2010లో ప్రత్యేక చట్టం వచ్చి, చెక్క పలకలకే దేశవ్యాప్త ప్రమాణం విధించాకనే ఈ లోపం పూడింది.

ఈ ఉదంతం విక్రయ గణాంకాల స్వభావాన్ని బయటపెడుతుంది. నిరాశ్రయుల కోసం కొన్న ట్రైలర్ కూడా సరఫరా పట్టికలో విహార వాహనమే. 2008 ఆర్థిక సంక్షోభం తరువాత ఇళ్ళు కోల్పోయి ట్రైలర్లలో, వ్యానుల్లో నివసిస్తూ ఊరూరా తాత్కాలిక పనులు చేసుకొన్న వృద్ధుల జీవితాలను జెస్సికా బ్రూడర్ 2017లో ప్రచురించిన ‘నోమాడ్‌ల్యాండ్’ గ్రంథం నమోదు చేసింది. అమెరికా జనగణన సంస్థ సర్వేల్లో పడవ, విహార వాహనం, వ్యాను అనే నివాస వర్గం ఉంది. పరిశ్రమ లెక్కలో అటువంటి వర్గం లేదు. ఒక పట్టికలో విహారంగా కనిపించేది మరో పట్టికలో నివాసం.

తయారీ కార్మికులకూ ఈ లెక్కలు జీవన్మరణ సమస్యే. అమెరికా విహార వాహనాల్లో అత్యధిక భాగం ఇండియానా రాష్ట్రపు ఉత్తర ప్రాంతంలో, ఎల్‌ఖార్ట్ పరిసరాల్లో తయారవుతాయి. 2006లో 3,90,000 దాటిన సరఫరా 2009లో దాదాపు 1,66,000కు పడిపోయింది. ఆ ఏడాది ఆరంభంలో ఎల్‌ఖార్ట్ ప్రాంతంలో నిరుద్యోగం 18 శాతం దాటింది. నూతనంగా పదవి చేపట్టిన అధ్యక్షుడు బరాక్ ఒబామా 2009 ఫిబ్రవరిలో ఆ పట్టణాన్ని సందర్శించడానికి ఈ పరిస్థితే కారణం. కుటుంబాలు వాయిదా వేయగల కొనుగోళ్ళలో ట్రైలర్ ముందుంటుంది. అందువల్ల మాంద్యపు తొలి దెబ్బ ఆ పట్టణంపైనే పడుతుంది.

9. ముగింపు

పై పరిశీలన నుండి ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

1. అమెరికాలో అధికంగా అమ్ముడయ్యే లాగుడు వాహనం ట్రావెల్ ట్రైలర్, తరువాతిది ఫిఫ్త్ వీల్. సాధారణ కుటుంబ వాహనానికే తగిలించగలగడం మొదటిదాని ఆధిక్యానికి ప్రధాన కారణం.

2. విపణికి కేంద్రమైన మధ్యస్థ పరిమాణం హాఫ్ టన్ పికప్ మోయగల భారానికి అనుగుణంగా ఏర్పడింది. పికప్ కుటుంబ వాహనం కావడానికి 1975 నాటి ఇంధన చట్టంలోని వ్యత్యాసం దోహదం చేసింది.

3. ఎనిమిది అడుగుల రహదారి నిబంధన ఇంటినీ విహార వాహనాన్నీ వేరుచేయగా, 400 చదరపు అడుగుల నిర్వచనం పెద్ద ట్రైలర్లకు పైహద్దు అయింది.

4. మడత ట్రైలర్ క్షీణతలో అభిరుచితో పాటు, లాగే వాహనంలో వచ్చిన మార్పుకూ పన్ను నిబంధనకూ భాగముంది.

5. సరఫరా గణాంకాలు వస్తువును లెక్కిస్తాయి, వినియోగాన్ని కాదు. విహారానికి కొన్నవారినీ, వేరే గతిలేక అందులో నివసించేవారినీ అవి ఒకే గడిలో చేరుస్తాయి.

షెర్మన్ తన సంస్థకు గూడుబండి అని పేరు పెట్టినప్పుడు గూడు, బండి అనే రెండు అర్థాలూ కలిసే ఉన్నాయి. ఆ తరువాతి చట్టాలు బండిని గుర్తించి గూడును వదిలాయి. కత్రినా బాధితులు ఆ విభజనకు తమ ఆరోగ్యంతో మూల్యం చెల్లించారు. కనుక ట్రైలర్ విక్రయాలపై జరిగే పరిశోధన ఏ రకం ఎంత అమ్ముడైందనే లెక్కతో ఆగక, ఆ ట్రైలర్లో ఎవరు, ఎంతకాలం, ఏ ప్రమాణాల రక్షణతో నివసిస్తున్నారనే ప్రశ్నను కూడా చేర్చుకోవలసి ఉంది.